చీటీ రాని బడి

ఆఫీసు పైన గది
బడులు తెరిచిన వారం

వదినకి,

నేను బాగానే ఉన్నాను. గదికి ఒకటే కిటికీ, అదీ పక్కింటి గోడకి ఎదురుగా. గాలి రాదు గాని కబుర్లు బాగా వస్తాయి. మీరు ముగ్గురూ ఎలా ఉన్నారు? అన్నయ్య చెయ్యి కాలిన చోట మానిందా? బేకరీ పొయ్యి దగ్గర పొడుగు చేతుల చొక్కా వేసుకోమని నేను చెప్పానని చెప్పు. నువ్వు చెబితే వినడు. నేను చెప్పినా వినడనుకో, కాని ఇద్దరం చెప్పామన్న తృప్తి ఉంటుంది.

ఫోను పెట్టుకుని ఉత్తరాలేమిటని నవ్వకు. ఫోనులో నువ్వు ఒక మాట అంటే నీ కుట్టుమిషను పది మాటలంటుంది. పైగా ఈ సంగతి నిదానంగా చెప్పాలి.

నా కొత్త పనేమిటని అడిగావు. చిన్న వయసులోనే తల్లులై చదువు మానేస్తున్న ఆడపిల్లలు ఎక్కువయ్యారని హైస్కూళ్ళలో వారానికొక గంట పాఠం పెడుతున్నారు. ఒంటి సంగతులు, కడుపు ఎలా వస్తుంది, ఎలా రాకుండా చూసుకోవాలి, వద్దని ఎలా చెప్పాలి, భయమేస్తే ఎవరిని అడగాలి, ఇవన్నీ. పాఠాలు చెప్పేది వేరేవాళ్ళు. వాటి వల్ల నిజంగా మేలు జరుగుతోందా లేదా అని చూడటం మా ఆఫీసు పని. అంటే వంట వాళ్ళది, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేది మేము.

దానికొక పద్ధతి ఉంది. ఎంచుకున్న బడుల్లో సగం బడులకే ఇప్పుడు పాఠాలు చెబుతారు. మిగతా సగానికి చెప్పరు. రెండేళ్ళ తర్వాత వీళ్ళనీ వాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఏ బడికి చెప్పాలో మనిషి నిర్ణయిస్తే పక్షపాతం వస్తుందని హెడ్మిస్ట్రెస్‌లందరినీ కూర్చోబెట్టి చీటీలు తీశాం. తీసింది నేనే. నీ కూతురు, మన పిచ్చుక చదివే బడి చీటీ రాలేదు. దానికి పదిహేనేళ్ళు నిండాయి, ఇప్పుడు విని ఉంటే బాగుండేది కదా అని కాస్త బాధేసింది. రెండేళ్ళయ్యాక వాళ్ళకీ చెబుతారు.

పిచ్చుక అరుపులు లేక ఇక్కడ చెవులు తుప్పు పట్టిపోతున్నాయని దానికి చెప్పు.

నీ
ఆడపడుచు


ఇల్లు, మిషను బల్ల

ఆడపడుచుకి,

నీ ఉత్తరం మీ అన్నయ్య చదివి వినిపించమన్నాడు, వింటూ వింటూ నిద్రపోయాడు. చీకటితో పోతాడు, నిద్రకి వస్తాడు. నాకు సగం మొగుడే దక్కాడు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కాబట్టి నీ ఉత్తరం కలుపుకుంటే సరిపోయింది. చెయ్యి మానింది. పొడుగు చేతుల చొక్కా కుట్టి పెట్టాను, మేకుకి వేలాడుతోంది.

నీకు బాధేసిందన్నావు. నాకైతే దేవుడే చెయ్యి అడ్డం పెట్టాడనిపించింది. కోప్పడకు. నువ్వు చదువుకున్నదానివి, నేను స్కూలు చదువుతో ఆగినదాన్ని. కాని పిల్లకి తెలియనంతకాలం దానికి తెలియకపోవడమే కాపలా అని మా అమ్మ అనేది. ఇంట్లో చెప్పలేని మాటలు నల్లబల్ల మీద రాసి చెబుతారా? నీ చీటీ రాకపోవడమే మంచిది. రోజూ ప్రార్థనలో దాని పేరు చెప్పాకే కళ్ళు తెరుస్తాను. నాకు తెలిసిన పాఠం అదే.

బడి యూనిఫారాలన్నీ ఈ ఏడు కూడా నాకే ఇచ్చారు. పిల్లలు ఇంటి ముందు బారులు తీరి నిలబడితే నేను టేపు పెట్టి చెబుతుంటాను, పిచ్చుక రాస్తుంది. రాసే నోరు ఊరుకుంటుందా? లావు పిల్లకి "నీ ఒక్కదానికే తానంతా అయిపోతుందే" అంటుంది, సన్నపిల్లకి "నీకు జేబురుమాలు చాలు" అంటుంది. అందరూ తిడుతూనే దాని చుట్టూ చేరతారు. దాని కొలత మాత్రం ఎవరూ రాయలేదు. నా కూతురికి టేపుతో పనేమిటి, కళ్ళు మూసుకుని కత్తిరిస్తాను.

వేళకి తిను. ఒక్కదానివే అని కాఫీతో గడపకు.

నీ
వదిన


ఆఫీసు పైన గది
ఎండాకాలం సెలవులు అయిపోతుండగా

వదినకి,

పిచ్చుకని బస్సెక్కించి వచ్చాను. గది మళ్ళీ గుహలా అయిపోయింది. ఉన్న నాలుగు రోజుల్లో పక్కింటి ముసలావిడతో స్నేహం చేసి, ఆవిడ దగ్గర ఆవిడ పక్షం, ఆవిడ కోడలి దగ్గర కోడలి పక్షం మాట్లాడింది. ఇద్దరూ మళ్ళీ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.

పాఠాలు ఏడాదిగా జరుగుతున్నాయి. మొదటి రోజు ఒక బడిలో వెనక బెంచీలో కూర్చున్నాను. సైన్సు టీచరమ్మ పిల్లల వైపు చూడలేక నల్లబల్ల వైపు తిరిగి పాఠమంతా బల్లకే చెప్పింది. చివరికి ఒక పిల్ల లేచి, "టీచర్, మాక్కూడా కాస్త చెప్పండి" అంది. తరగతంతా ఒకటే నవ్వు. టీచరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతో ఇటు తిరిగింది, మళ్ళీ అటు తిరగలేదు. ఇప్పుడా బడిలో పిల్లలు అడగని ప్రశ్న లేదు.

ఒక సంగతి నీకు చెప్పాలి. పిచ్చుక రెండో రోజు గిన్నెలు కడుగుతూ, "అత్తా, ఆ బడుల్లో ఏం చెబుతారు?" అంది. ఎందుకే అన్నాను. "ఊరికే. మా బడికి రాలేదుగా" అంది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. కాని చీటీ తీసిన చేతితోనే నా మేనకోడలికి పాఠం చెబితే ఎలా? అది పక్క పిల్లకి, ఆ పిల్ల ఇంకో పిల్లకి. దాని పేరే పిచ్చుకాయె, వారం తిరక్కుండా బడంతా తెలిసిపోతుంది. ఇక పోల్చి చూడటానికి ఏం మిగులుతుంది? తూచేవాడు తక్కెడ మీద చెయ్యి వేయకూడదు. "కొంచెం ఆగు, మీ బడికీ వస్తాయి" అన్నాను. సరే అత్తా అని గిన్నె బోర్లించింది. ఏదైనా అడగాలంటే మీ అమ్మని అడుగు అని కూడా అన్నాను. నీ దగ్గరికి వస్తే కసురుకోకు.

నీ
ఆడపడుచు


ఇల్లు, మిషను బల్ల
వానలు వెలిశాక

ఆడపడుచుకి,

నువ్వు చెప్పకుండా ఉండటం మంచిదయింది. నీ ఉద్యోగం నీతిగా చేశావు, నా కూతురిని నాకు వదిలావు. రెండూ మెచ్చుకోవలసినవే.

నన్నేమీ అడగలేదు. ఒక సాయంత్రం ప్రార్థనలో కూర్చుని ఉండగా వచ్చి పక్కన నిలబడింది. అమ్మా అంది. కళ్ళు తెరవకుండానే ఆగమని చెయ్యి చూపించాను. ముగించి చూసేసరికి లేదు. తర్వాత ఏమిటే అంటే ఏం లేదంది. అన్నం తిందువుగాని రా అంది, అదేదో తనే తల్లయినట్టు.

ఇప్పుడు పిల్ల చాలా మారింది. అల్లరి తగ్గింది. నేను పిలవకుండానే వచ్చి ప్రార్థనలో నా పక్కన కూర్చుంటోంది. నిన్న దాని కళ్ళ వెంట నీళ్ళు కూడా చూశాను. చిన్న వయసులోనే ఇంత భక్తి ఇచ్చాడే అని నా మనసు నిండిపోయింది. లెక్కల ట్యూషనుకి వెళ్తోంది. ఆలస్యమైతే అక్కడ చదివే అబ్బాయి ఒకడు వీధి మలుపుదాకా తోడు వస్తాడు. బుద్ధిమంతుడు, తలెత్తి చూడడు.

మీ అన్నయ్య ఇప్పటికీ ఆ చొక్కా వేసుకోలేదు. మేకుకి అలవాటైపోయింది.

నీ
వదిన


బస్టాండు పక్క లాడ్జి

వదినకి,

చలికాలం మొదలైనప్పటి నుంచి నీ ఉత్తరం లేదు. నేను రాసినవాటికి జవాబు లేదు. ఫోను చేస్తే అన్నయ్య తీసి బాగానే ఉన్నామంటాడు. పని తొందరలో నేనూ గట్టిగా అడగలేదు.

రెండేళ్ళు పూర్తయ్యాయి కాబట్టి చివరి ప్రశ్నలు అడగడానికి మా వాళ్ళతో కలిసి మీ ఊరు వచ్చాను. పిచ్చుక తరగతికి నేను వెళ్ళకూడదని ఇంకొకరిని పంపాను. అయినా మనసు ఊరుకోక వరండాలోంచి చూశాను. మూడో బెంచీలో చివర దాని చోటు ఖాళీగా ఉంది. పక్క పిల్ల తన సంచి అక్కడ పెట్టుకుంది. హెడ్మిస్ట్రెస్‌ని అడిగితే, ఊరు మారారు కదండీ అంది. ఎవరు మారారు? ఏ ఊరు? నా మొహం చూసి ఆవిడ టీ తెప్పించింది. ఆవిడకి మన చుట్టరికం తెలియదు.

ఇంటికొస్తే తాళం. బేకరీకి వెళ్ళాను. అన్నయ్య నన్ను చూసి వచ్చావా అన్నాడు. పిచ్చుక ఏది అన్నయ్యా అన్నాను. "మీ వదిన్ని అడుగు" అని పొయ్యి వైపు తిరిగాడు. లోపల రొట్టెలు కూడా లేవు వదినా. ఖాళీ పొయ్యిలోకి చూస్తూ నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. దారిలో తిను అన్నాడు. అంతే.

ఇది అన్నయ్య చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఎక్కడున్నా నీకు చేరుస్తానన్నాడు. ఎక్కడున్నారు మీరు?

నీ
ఆడపడుచు


మా అక్క ఇల్లు

ఆడపడుచుకి,

ఉత్తరం అందింది. పిచ్చుకకి ఒంట్లో బాగుండక ఇక్కడికి తీసుకొచ్చాను. ఇక్కడి నీళ్ళు పడతాయన్నారు. చదువు వచ్చే ఏడు చూసుకోవచ్చు. మీ ఆఫీసు వాళ్ళు అడిగితే ఊరు మారారనే చెప్పు.

నువ్వు రావద్దు. దారి బాగా లేదు, బస్సులు సరిగా లేవు. మిషను అక్కడే ఉండిపోయింది. చేతులు ఖాళీగా ఉంటే ఏమీ తోచడం లేదు.

దేవుడు చల్లగా చూడాలి.

వదిన


ఆఫీసు పైన గది

వదినకి,

రావద్దన్నావు, రాలేదు. చాలా రోజులు ఓపిక పట్టాను. ఇప్పుడు రాయక తప్పదు.

మొన్న డైరెక్టరుగారి గదిలో లెక్కలు తేలాయి. పాఠాలు చెప్పిన బడుల్లో కొందరు అమ్మాయిలు తల్లులయ్యారు. పాఠాలు చెప్పని బడుల్లో దాదాపు ఎవరూ లేరు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, చెబితేనే ఎక్కువైనట్టుందే అన్నారు. పాఠాల వల్ల లాభం లేదని రాసి పంపితే వచ్చే నెల నుంచి ఎక్కడా చెప్పరు. గదిలో అందరూ తల ఊపారు. నేనూ ఊపబోయాను. అప్పుడు ఆ మూడో బెంచీ గుర్తొచ్చింది.

వదినా, మేము బడిలో ఉన్న పిల్లలనే అడిగాం. పాఠాలు విన్న బడుల్లో ఏదైనా జరిగితే పిల్ల టీచరమ్మకి చెప్పుకుంది, టీచరమ్మ మాకు చెప్పింది. మిగతా బడుల్లో పిల్ల చెప్పలేదు, ఎవరూ అడగలేదు, ఒకరోజు ఊరు మారింది. ఊరు మారిన పిల్ల మాకు లెక్కలోకి రాదు. వెళ్ళిపోయినవాళ్ళంతా సుఖంగా ఉన్నారన్నట్టే మేము కూడికలు వేశాం.

ఈ మాట డైరెక్టరుగారితో అన్నాను. అన్నిచోట్లా వెళ్ళిపోయిన అమ్మాయిల ఇళ్ళు వెతికి, ఎందుకు వెళ్ళారో వాళ్ళనే అడగాలన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పట్టిక మళ్ళీ మొదటి నుంచి చూశారు. చివరికి సరేనన్నారు, కాని ఇంటివాళ్ళు ఇష్టపడి చెబితేనే రాసుకోవాలి. అప్పుడు నేను అందులో ఒక పిల్ల నా మేనకోడలని చెప్పాను. మీ బడి పని నా చేతిలోంచి తీసేశారు. అది న్యాయమే. అక్కడికి వేరే ఆవిడ వస్తుంది.

ఆఫీసు సంగతి పక్కన పెట్టు. అత్తగా అడుగుతున్నాను. పిచ్చుకకి ఏమైంది?

నీ
ఆడపడుచు


మా అక్క ఇల్లు

ఆడపడుచుకి,

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అందుకే ఇన్నాళ్ళూ కుట్లు వేసుకుని కూర్చున్నాను. నువ్వు డైరెక్టరు ముందు నా మేనకోడలే అని చెప్పుకున్నావని చదివాక ఇంక దాచలేను.

అర్ధ సంవత్సరం పరీక్షల ముందు కొత్త యూనిఫారం వేసుకుని బిగుతుగా ఉందమ్మా అంది. తిండి పడుతోందిలే అని నవ్వి, పక్క కుట్టు విప్పి వదులు చేసి ఇచ్చాను. టేపు పెట్టలేదు. నా కూతురికి టేపుతో పనేమిటి? ఇంకొన్నాళ్ళకి హుక్కు అందలేదు. అప్పుడు విసుగ్గా టేపు తీసి నడుముకి చుట్టాను. అంకె చూశాను. తప్పు చూశానేమోనని మళ్ళీ చుట్టాను. ఊళ్ళో పిల్లలందరి నడుములూ కొలిచినదాన్ని, నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. అది చేతులు పైకెత్తుకుని అలాగే నిలబడింది, కొలతకి నిలబడే పిల్లలా. తల మాత్రం దించుకుంది.

కొట్టాను. నా జీవితంలో దాన్ని కొట్టడం అదొక్కసారే. తర్వాత ఇద్దరం మిషను కింద కూలబడ్డాం. ఎవరని అడిగితే చెప్పింది. ఆ తలెత్తి చూడనివాడే. వాడూ పిల్లవాడే, దీనికంటే ఒక ఏడు పెద్ద. ఇద్దరికీ ఏమీ తెలియదు. ఒక్కసారికి ఏమీ కాదని వాడు ఎవరి దగ్గరో విన్నాడట, ఇది నమ్మింది. ఎవరినైనా అడగొచ్చు కదే అని నేను అరిచాను. అప్పుడంది:

"అడిగానమ్మా. అత్త ఆగమంది. నీ దగ్గరికొస్తే నువ్వూ ఆగమన్నావు."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇది అడిగింది. అమ్మ పెట్టలేదు.

హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళితే ఆవిడ తలుపు వేసి, ఎవరికీ తెలియకముందే తీసుకెళ్ళండి, ఊరు మారారని రాసుకుంటాను, మీకూ మర్యాద మాకూ మర్యాద అంది. ఆవిడ చేతులు పట్టుకుని దణ్ణం పెట్టి వచ్చాను. ఆ అబ్బాయి ఇంటికి మీ అన్నయ్య వెళ్ళేసరికి ఇల్లు ఖాళీ. వాళ్ళు నిజంగానే ఊరు మారారు.

ఇక్కడికి వచ్చాక నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో ఒక పగలంతా పడింది. బాబు. ఏడవలేదు. నర్సమ్మ వీపు తట్టింది, నోట్లో గాలి ఊదింది, తర్వాత తల అడ్డంగా ఊపింది. పిచ్చుక చూపించమంది. మా అక్క వద్దంది. నేనూ వద్దన్నాను. చూస్తే మరిచిపోలేదనుకున్నాను. ఇప్పుడు చూడనిదాన్ని మరిచిపోలేకపోతోంది. బాబుని మీ అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు. వేడి రొట్టెల పళ్ళెం ఎలా పట్టుకుంటాడో అలాగే, రెండు చేతులూ చాచి, ఒంటికి దూరంగా పట్టుకుని నడిచాడు. మెట్ల దగ్గర మాత్రం గుండెకి హత్తుకున్నాడు.

పిల్ల లేచి తిరుగుతోంది. మాట లేదు. గోడ వైపు తిరిగి పడుకుంటుంది. పిచ్చుక ఇంట్లో ఉందని ఎవరూ అనుకోరు.

నేను ప్రార్థనకి కూర్చుంటున్నాను గాని కళ్ళు మూసుకోవడం లేదు. తెరిచే ఉంచుకుంటున్నాను. తప్పయితే ఆయనే క్షమిస్తాడు.

మీ ఆఫీసు ఆవిడని పంపవద్దు. నా వల్ల కాదు.

వదిన


ఆఫీసు పైన గది

వదినకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆఫీసుకి పోలేదు. ఏం రాయాలో తెలియక ఇప్పుడు కూడా చాలా కాగితాలు చింపాను.

నువ్వు ఆగమన్నది ప్రార్థనలో ఉండి. నేను ఆగమన్నది కళ్ళు తెరుచుకుని, చేతిలో జవాబు పెట్టుకుని. కాబట్టి ఇందులో పెద్ద భాగం నువ్వు తీసుకోకు.

ఆవిడని పంపమని నేను చెప్పను, వద్దనీ చెప్పను, ఇప్పుడా పని నాది కాదు. ఇంకో బడిలోంచి వెళ్ళిపోయిన పిల్ల తల్లి తలుపు మొహాన వేసేసిందట. ఇంకొకావిడ కిటికీలోంచి మాట్లాడింది, తలుపు మాత్రం తీయలేదు. తల్లులు చెప్పకపోతే పాఠాలు ఆగిపోతాయి. అది నీ నెత్తిన పెట్టడం లేదు. పెట్టే హక్కు నాకు లేదు.

ఒక్క మాట. చెప్పాలా వద్దా అని నన్ను అడగకు, అన్నయ్యని అడగకు. దాన్ని అడుగు. ఈ కథ దానిది.

నేను రావచ్చా?

నీ
ఆడపడుచు


మా అక్క ఇల్లు

ఆడపడుచుకి,

నువ్వు చెప్పినట్టే దాన్ని అడిగాను. గోడ వైపే తిరిగి ఉంది. ఒక ఆవిడ వచ్చి అడుగుతుందట, చెప్పనా వద్దా, నీ పేరు ఎక్కడా రాయరట అన్నాను. ఇంక లేద్దామనుకుంటుండగా, "అడిగినవాళ్ళకి చెప్పాలమ్మా" అంది. ఎన్నో రోజుల తర్వాత విన్న మాట అది.

ఆవిడ వచ్చింది. నీకంటే చిన్నది, చెప్పులు బయటే విడిచి, నేను కూర్చోమనేదాకా నిలబడింది. మా అక్క వంటింట్లో గిన్నెలు విసిరికొడుతూనే ఉంది, ఇంటి గుట్టు వీధిలో పెడుతున్నానని. నేను చెప్పుకుంటూ పోయాను. ఆవిడ అడిగింది, అమ్మాయికి సందేహం వస్తే అడగడానికి ఎవరైనా ఉన్నారా అని. ఇద్దరున్నాం అన్నాను. అడిగిందా అంది. ఇద్దరినీ అడిగిందన్నాను. ఆవిడ అదీ రాసుకుంది.

హెడ్మిస్ట్రెస్ కబురు పంపింది, పరీక్షలు బయటినుంచి రాసుకోనిస్తుందట. బడికి మాత్రం రానివ్వదు.

నువ్వు వస్తానన్నావని చెప్పాను. "అత్త ఇప్పుడు వద్దు" అంది. నొచ్చుకోకు. కాని ఆవిడ వెళ్ళాక లేచి కూర్చుని, అత్తకి ఒకటి రాయమంది. నాకు జవాబు తెలియదు, అది చెప్పినట్టే రాస్తున్నాను:

"అత్తా, మీ లెక్కలో బాబు ఉన్నాడా?"

నాకు రాయకు. దానికే రాయి.

వదిన


ఆఫీసు పైన గది

పిచ్చుకకి,

లేడమ్మా.

మా పట్టికలో తల్లులైన అమ్మాయిలకి ఒక గడి ఉంది. అందులో నువ్వున్నావు. పేరు లేదు, ఒక గీత ఉంది. బిడ్డలకి గడి లేదు. పెట్టమని అడిగాను. మేము చూడవలసిన విషయం అది కాదన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పట్టిక అలా ఉంది. ఉన్నాడని రాసి నిన్ను ఊరడించవచ్చు. నీకు ఒకసారి జవాబు చెప్పనిదాన్ని, ఇప్పుడు అబద్ధం చెప్పలేను.

మీ అమ్మలాంటి తల్లులు ఇంకొందరు మాట్లాడారు. అందరినీ కలిపాక, పాఠాలు కొంత మేలు చేశాయని తేలింది. కొంతే. విన్న బడుల్లో కూడా నీలాంటి పిల్లలున్నారు. నేను ఆ రోజు గిన్నెల దగ్గర చెప్పి ఉంటే నీకు ఇలా జరిగేది కాదా? తెలియదమ్మా. ఎన్ని లెక్కలు వేసినా అది తేలదు. మీ బడిలో వచ్చే నెల నుంచి చెబుతారు. నీ తర్వాతివాళ్ళు వింటారు.

నన్ను రావద్దన్నావు, రాను. రమ్మన్న రోజున వస్తాను. అడగాలనిపించినవన్నీ రాసి పంపు, వచ్చిన రోజే జవాబు రాస్తాను. డాక్టరమ్మని అడగవలసినవైతే అడిగి రాస్తాను.

ఇంకొకటి. నీకు చూపించలేదని మీ అమ్మ రాసింది. మొన్న బేకరీకి వెళ్ళి మీ నాన్న పక్కన పొద్దుపోయేదాకా కూర్చున్నాను. ఆయనే చెప్పాడు. బాబుకి జుట్టు ఒత్తుగా ఉందట, నుదుటి మీదికి పడుతూ. కనుబొమలు నీవే. ఒక చెవి పైన చిన్న మడత ఉందట, నువ్వు పుట్టినప్పుడు ఉన్నట్టే. వేళ్ళు పొడుగ్గా, గుప్పిట మూసుకుని ఉన్నాడట. ఆసుపత్రి గుడ్డ పలచగా ఉందని మీ నాన్న ఆ రోజే మొదటిసారి వేసుకున్న పొడుగు చేతుల చొక్కా, మీ అమ్మ కుట్టింది, విప్పి చుట్టాడట. నీకు చెప్పాలని రోజూ అనుకుంటున్నాడు, నోరు రావడం లేదు.

ఇది నువ్వు అడగలేదు. అడిగేదాకా ఆగాలనిపించలేదు.

అత్త